నిండుకున్నాయి అనే బటన్

నేను పని మానేసి, నా చేతిలో ఉన్న వెబ్‌సైట్లన్నీ శ్రావణికి అప్పగించిన కొద్దిరోజులకే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదివిన పిల్ల. చురుకైనది. కోడు చదవడంలో నాకంటే వేగం.

“మేడమ్, సేవా సమితి సైటులో ఒక బగ్ దొరికిందండీ. బియ్యం నిండుకుంటే స్టాకు సున్నా అని రాశారు. తిరగబడింది కదా. సరిచేసేయనా?”

“చెయ్యకమ్మా,” అన్నాను. “చేశావంటే రత్నమ్మగారి దగ్గర జనం పస్తుంటారు.”

“రత్నమ్మగారు ఎవరండీ?”

ఫోనులో చెబితే సగమే చెప్పినట్టుంటుంది, రాసి పంపిస్తానన్నాను. రాయడానికి కూర్చున్నాక, ఇది శ్రావణి ఒక్కదానికే ఎందుకు, ఈ పనిలోకి వస్తున్న పిల్లలందరికీ పనికొస్తుందేమో అనిపించింది. నాకొచ్చిన జీతాలు, మారిన కుర్చీలు ఇందులో ఉండవు. అవి ఎవరికీ ఏమీ నేర్పవు.

పెళ్ళికార్డుల దగ్గర మొదలు

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువగా ఉండేది. వానాకాలం వస్తే మంచం దిగనిచ్చేవారు కాదు. మా అమ్మే పలక పట్టించింది, లెక్కలు చెప్పింది, పంచాంగం చూడటం నేర్పింది. పదో తరగతి ప్రైవేటుగా కట్టాను. డిగ్రీ కూడా ఇంట్లో కూర్చునే. నాకు ఏది వచ్చినా దాని వెనక అమ్మ గొంతే ఉంటుంది. రోజూ దీపం పెట్టేటప్పుడు దేవుడి తర్వాత ఆవిడనే తలచుకుంటాను.

పెళ్ళయ్యాక బందరు వచ్చాను. మా వారికి బస్టాండు దగ్గర చిన్న ప్రింటింగు షాపు ఉండేది. పెళ్ళికార్డులు, కరపత్రాలు, జిరాక్సు. మనిషి దొరక్క నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. అలా తెలుగు టైపింగు వచ్చింది. కొన్నేళ్ళకి రోల్డ్ గోల్డ్ నగలు చేసే ఆయనొకరు వచ్చి, “కార్డు మీద వేసినట్టే ఇంటర్నెట్టులో మా నగలు వెయ్యగలరా అమ్మా?” అని అడిగారు. వెయ్యగలనో లేదో తెలియకుండానే వేస్తానన్నాను. ఆ పేజీ ఎంత బాగా లేకపోయినా ఆయన ఊరంతా చూపించుకున్నారు. ఆయన చేతి చలవే అనుకుంటాను, తర్వాత పని ఆగలేదు.

అలా చాలాకాలం పేజీలు చేస్తూ బతికాను. బొమ్మ ఎక్కడ పెట్టాలి, అక్షరం ఎంత ఉండాలి, రంగు ఏది. అంతవరకే. గుడివాడలో ప్రకాశంగారి చిన్న కంపెనీలో చేరినప్పుడు కూడా అదే పని. నేను అందంగా చేసిన పేజీని వెనక నుంచి నడిపించేవాళ్ళు వేరే ఉండేవారు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే వంటింట్లో నిలబడి హాల్లో మాటలు విన్నట్టుండేది.

ముందు గది, వెనక గది, అటక

ప్రకాశంగారు మంచి యజమాని. మెచ్చుకోవడం మాత్రం ఆయన చేత కాదు. ఏం చూపించినా “ఎవరికిది?” అని ఒక్క ప్రశ్న వేసేవారు. ఇప్పటి పిల్లలైతే ఆ ప్రశ్నకే రాజీనామా రాసిస్తారు. నాకూ మొదట్లో కష్టంగానే ఉండేది.

ఒకరోజు ఆయనతో, “నాకు మొత్తం పని నేర్చుకోవాలనుందండీ. వీడియోలు చూస్తున్నాను, పాఠాలు చదువుతున్నాను,” అన్నాను. అప్పటికి నాకు యాభై దాటాయి.

“చూస్తే వచ్చేదైతే సినిమాలు చూసినవాళ్ళంతా హీరోలయ్యేవారు సుభద్రమ్మా. ఏదో ఒకటి మొత్తం నువ్వే కట్టు. ముందూ నువ్వే, వెనకా నువ్వే. ఎవరికైనా అవసరమైనది కట్టు. ఉత్తుత్తిది కట్టకు.”

ఈ ఒక్క సలహా నేను మీకూ ఇస్తాను. చాలామంది పిల్లలు మొదటి ప్రాజెక్టుగా చేయవలసిన పనులు రాసుకునే యాప్ చేస్తారు. తప్పు లేదు. కానీ దాన్ని ఎవరూ వాడరు, చేసినవాళ్ళతో సహా. ఎవరూ వాడని దానిలో ఏం తప్పుందో ఎప్పటికీ తెలియదు.

మొత్తం పని అంటే నాకు అర్థమైన తీరు చెబుతాను. మా ప్రింటింగు షాపులో ముందు గదిలో నమూనా కార్డులుండేవి. వచ్చినవాళ్ళు చూసేదీ, వేలు పెట్టి చూపించేదీ అక్కడే. వెనక గదిలో పని. అక్కడికి ఎవరినీ రానిచ్చేవాళ్ళం కాదు. అటక మీద పాత కార్డులన్నీ కట్టలు కట్టి ఉండేవి. అక్కగారి పెళ్ళికి వేసిన కార్డే చెల్లెలికీ కావాలంటే అటకెక్కి తీయాలి. వెబ్‌సైటూ అంతే. మనిషికి కనిపించే తెర ముందు గది. సర్వరు వెనక గది. డేటాబేసు అటక. ఈ మూడూ ఒకళ్ళే కట్టగలగడమే ఫుల్‌స్టాక్ అంటే. నేను జీవితమంతా ముందు గదిలోనే ఉండి, ఆ వయసులో అటక నిచ్చెన ఎక్కాను.

ఎక్కడం తేలిక కాలేదు. ముందు గదిలో నొక్కింది వెనక గదికి చేరేది కాదు. చేరితే అటక తలుపు తెరుచుకునేది కాదు. నాకు ముఖం కూడా తెలియనివాళ్ళు, ఏ దేశంవాళ్ళో, ఇంటర్నెట్టులో నా పిచ్చి ప్రశ్నలకు ఓపికగా జవాబులు రాశారు. వాళ్ళ రుణం తీర్చే దారి లేదు గనక, ఎవరు ఏది అడిగినా విసుక్కోకుండా చెప్పడం అలవాటు చేసుకున్నాను.

రెండు బటన్లు

అవసరం వెతుక్కునే శ్రమ దేవుడు పెట్టలేదు. గుడివాడలో ఒక సేవా సమితి ఉంది. తుఫాను వస్తే దివిసీమ ఊళ్ళల్లో షెల్టర్లలో తలదాచుకున్నవాళ్ళకి బియ్యం, పప్పు పంపుతుంది. అక్కడ వండిపెట్టేది ఆ ఊరివాళ్ళే. ఎక్కడ సరుకు ఉంది, ఎక్కడ లేదు అన్నది అంతకుముందు ఫోన్ల మీద నడిచేది. ఒకే ఊరికి రెండు లోడ్లు వెళ్ళడం, ఇంకో ఊరికి ఒక్కటీ వెళ్ళకపోవడం జరిగేవి.

నేను కట్టింది చాలా చిన్నది. వంటచేసే మనిషి ఫోనులో సైటు తెరిస్తే తన ఊరి పేరు, కింద బియ్యం, పప్పు, నూనె. ఒక్కోదానికి రెండు బటన్లు: ఉన్నాయి, లేవు. ఏదైనా చెప్పాలనుకుంటే రాయడానికి కింద ఖాళీ గడి. గుడివాడ గోడౌనులో పెద్ద తెర మీద, ఉన్న ఊరికి పచ్చ చుక్క, లేని ఊరికి ఎర్ర చుక్క. అది చూసి వ్యాను పంపడమే.

ఊరూరూ తిరిగి వాడటం నేనే చూపించాను. కోడూరు దాటాక సముద్రం వైపు ఒక ఊళ్ళో వంట రత్నమ్మగారిది. సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. భజన మందిరంలో ఏ పండగొచ్చినా గరిటె ఆవిడ చేతిలోనే ఉంటుంది. పాస్‌వర్డు పెట్టుకోమంటే నవ్వారు.

“నేనేనని తెలియడానికి నా గొంతు చాలదా సుభద్రమ్మగారూ?”

“కంప్యూటరుకి గొంతు తెలియదండీ.”

“మరి దాంతో ఏం మాట్లాడతారు మీరు రోజంతా?”

మొత్తానికి అమ్మవారి పేరే పాస్‌వర్డుగా పెట్టుకున్నారు. రెండు బటన్లూ చూపించాను. తలూపారు. రెండోదాని దగ్గర ఆవిడ వేలు ఆగింది. అప్పుడు నేను గమనించాను గానీ, అలవాటు లేక జంకుతున్నారనుకున్నాను.

పచ్చ చుక్క

ఆ కార్తీకంలో తుఫాను వచ్చింది. బందరు బస్సులు ఆగిపోతాయని ముందురోజే గుడివాడ వెళ్ళి ప్రకాశంగారింట్లో దిగాను. వాళ్ళావిడ సొంత చెల్లెల్ని చూసినట్టు చూశారు. పొద్దున్నే గోడౌనుకి వెళ్ళేసరికి గాలి తగ్గింది, వాన ఇంకా ఉంది. సమితి తరఫున సరుకు ఎక్కించే కిశోర్, రైసు మిల్లు వాళ్ళబ్బాయి, టీ తాగుతూ ఉన్నాడు. వ్యాను వెళ్ళిపోయింది.

“ఆంటీ, మీ సైటు సూపరండీ. ఒక్క ఫోను చెయ్యకుండా లోడు పంపించేశా. అసలు చేద్దామన్నా అటువైపు టవర్లన్నీ పోయాయి.”

తెర మీద నాగాయలంక వైపు ఊరికి ఎర్ర చుక్క ఉంది. రత్నమ్మగారి ఊరికి పచ్చ చుక్క. నాకు చెప్పలేనంత తృప్తి కలిగింది. నేను కట్టినది, నా కళ్ళ ముందు నడుస్తోంది.

“రత్నమ్మగారికి తీసిపెట్టిన బస్తాలు కూడా నాగాయలంకకే వేసేశానండీ. ఆవిడ దగ్గర ఫుల్లంట. టవర్లు పోకముందే రాశారు కూడా.”

ఏం రాశారో చూద్దామని ముచ్చటపడి పచ్చ చుక్క మీద నొక్కాను. కింద గడిలో ఒక్క ముక్క ఉంది. ‘బియ్యం నిండుకున్నాయి. అంతా అమ్మ దయ.’

కిశోర్ వైపు తిరిగాను.

“కిశోర్, నిండుకున్నాయంటే ఏమిటి?”

“నిండుగా ఉన్నాయని కదండీ.”

“మీ ఇంట్లో బియ్యం అయిపోతే మీ అమ్మమ్మ ఏమనేది?”

“మాది మిల్లు కదాంటీ. మా ఇంట్లో బియ్యం అయిపోవడం నేనెప్పుడూ చూళ్ళేదు.”

అతన్ని ఏమనగలను. మన ఇళ్ళల్లో బియ్యం అయిపోతే అయిపోయాయనరు. లేవని అసలే అనరు. లేవు, లేవు అంటే లేమిని పిలిచి పీట వేసినట్టని భయం. అందుకే నిండుకున్నాయంటారు. పసుపూ కుంకుమా కూడా నిండుకుంటాయి. మా అమ్మ ఆ మాటే అనేది, నేనూ అదే అంటాను. ఆ మాట హాస్టళ్ళలో పెరిగిన పిల్లల దాకా చేరలేదు.

కిశోర్‌కి చెప్పాను. అతను టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. షెల్టరులో ఊరు ఊరంతా ఉంది. నాగాయలంక వైపు ఎర్ర చుక్క పెట్టినవాళ్ళు ఇంకో పూటకి సరిపడా ఉన్నాయని కింద రాశారు. రత్నమ్మగారి దగ్గర ఆ పూటకే లేవు. అవనిగడ్డలో రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి నాగాయలంకకి, ఒకటి కోడూరుకి. వ్యాను అవనిగడ్డ దాటి నాగాయలంక దారి పట్టిందంటే ఇక ఫోను కలవదు. అది వెళ్ళి, దించి, తిరిగి వచ్చేసరికి పొద్దుగూకుతుంది. పిల్లలు అప్పటిదాకా ఏం తింటారు?

డ్రైవరు ఏసుబాబుకి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాను. మోగినంతసేపూ స్వామి పేరు తప్ప నా నోట మరో మాట లేదు. కిశోర్ అయితే తన బండి తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, వెంటపడి పట్టుకుంటాననే ఉద్దేశంతో.

చివరికి ఏసుబాబే చేశాడు.

“ఏంటక్కా, అన్నిసార్లు చేశారు? పులిగడ్డ దగ్గర చెట్టు పడింది రోడ్డుకడ్డంగా. కొడుతున్నారు. నేనూ ఓ చెయ్యేశాను.”

“అవనిగడ్డ ఇంకా దాటలేదు కదా ఏసుబాబూ?”

“ఎక్కడక్కా, ఈ మాను కదిలితేగా.”

“ముందు కోడూరు వైపు పద. రత్నమ్మగారి దగ్గర బియ్యం నిండుకున్నాయి.”

“నిండుకున్నాయా? అయ్యయ్యో. మరి కిశోర్‌బాబు ఫుల్లన్నారే.”

“కిశోర్‌బాబు మిల్లులో పుట్టాడు.”

“అదీ నిజమేలే,” అన్నాడు. “మీరు దిగులుపడకండి. వాళ్ళు తినందే నేను తిన్ను.”

పక్కనే వింటున్న కిశోర్ తాళాలు జేబులో వేసుకుని కూర్చుండిపోయాడు. “ఆంటీ, ఇంకేమేం మాటలున్నాయండీ ఇలాంటివి?” అన్నాడు. వ్యాను సంగతి తేలేదాకా మేమిద్దరం అదే మాట్లాడుకున్నాం. దీపం ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలి. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వెళ్తాననకూడదు, వెళ్ళొస్తాననాలి. “అంటే లాగౌట్ ఉండకూడదన్నమాట,” అన్నాడు. ఆ గాభరాలో కూడా నాకు నవ్వొచ్చింది.

మధ్యాహ్నం ఏసుబాబు మళ్ళీ సిగ్నలు అందేచోటికి వచ్చి ఫోన్ చేశాడు. “వార్చేశారక్కా. పిల్లలు బంతిలో కూచున్నారు. నాకు పెట్టిందాకా రత్నమ్మగారు కదలనివ్వలేదు. ఇక నాగాయలంక పోతున్నా.”

ఆ చెట్టు వల్ల దారి పొడుగునా ఎంతమంది తిట్టుకున్నారో తెలియదు. నేను మాత్రం ఇప్పటికీ అటు వెళ్తే పులిగడ్డ దగ్గర బస్సులోంచే దణ్ణం పెట్టుకుంటాను.

సాయంత్రం ప్రకాశంగారికి అంతా చెప్పాను. విన్నారు.

“సైటు పనిచేసిందా?”

“చేసిందండీ. ఎక్కడా ఆగలేదు.”

“కబురు చేరిందా?”

“చెట్టు అడ్డం పడబట్టి చేరిందండీ.”

“ఆ రెండూ ఒకటేననుకోకు. పడుకో, అలిసిపోయావు,” అన్నారు. ఆయన నోటివెంట అంత మెత్తని మాట నేను మళ్ళీ వినలేదు.

పొయ్యి ముందు ఆ మాట

రోడ్లు ఎండాక రత్నమ్మగారిని చూడటానికి వెళ్ళాను. బడి వరండాలో గుండిగలు తోమిస్తున్నారు. నన్ను చూసి పీట వేశారు. ఉన్నాయి అని ఎందుకు నొక్కారని అడిగాను. నిలదీయడానికి కాదు, తెలుసుకోవడానికి.

“మరేం చెయ్యనండీ? మీరు పెట్టినవి రెండే. ఒకదాని మీద లేవు అని ఉంది. పొయ్యి ముందు నిలబడి, ఇంతమంది నా చేతి వంట కోసం ఎదురుచూస్తుంటే, లేవు అని నా వేలితో ఎలా నొక్కను? అందుకని ఉన్నాయి అన్నదే నొక్కి, అసలు సంగతి కింద రాశాను. మీరు చదువుతారుగా అని.”

“నేను చదివేసరికి వ్యాను వెళ్ళిపోయిందండీ.”

“పోయినా వెనక్కొచ్చిందిగా. మీరు చదివారు గనకే వచ్చింది.” గుండిగ బోర్లించి నా వైపు చూశారు. “మీరైతే నొక్కుతారా సుభద్రమ్మగారూ?”

నొక్కను. మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తే మా వారితో లేవు అని నేనెప్పుడూ అనలేదు. అలాంటిదాన్ని కంప్యూటరు ముందు కూర్చోగానే ఎక్కడో దూరదేశంలో తయారైన పాఠంలో చూసినట్టే, అయితే ఉంది, కాకపోతే లేదు అని రెండు బటన్లు పెట్టేశాను. నాకు కోడు కొత్త గనక కోడుని చూసి భయపడ్డాను. తెలుగు పాతది గనక దానివైపు చూడలేదు.

అక్కడే ఆవిడ పక్కన కూర్చుని బటన్ మాటలు మార్చాం. లేవు తీసేశాం. దాని చోట నిండుకున్నాయి అని పెట్టాం. అది తెలియని కిశోర్‌ల కోసం, గోడౌను తెర మీద మాత్రం దానికింద ‘వెంటనే పంపాలి’ అని వస్తుంది. వంటచేసేవాళ్ళ మాట వాళ్ళకి, వ్యాను పంపేవాళ్ళ మాట వాళ్ళకి. మధ్యలో అర్థం మార్చకుండా చేరవేయడమే మన ఉద్యోగం. అటక మీద ఆ గడికి నేను ఇంగ్లీషు అక్షరాల్లో నిండుకుంది అనే పేరు పెట్టాను. శ్రావణికి బగ్‌లా కనిపించింది అదే.

తెల్లవారితే ఆదివారం

ఆ తర్వాత ఎన్నో కట్టాను. వాటిలో ఒక్కటి చెబుతాను. అవనిగడ్డలో ఒక కల్యాణ మండపంవాళ్ళు బుకింగు సైటు అడిగారు. నాతో పనిచేసే కుర్రవాళ్ళు తేదీ, టైము పెట్టి చకచకా కట్టేశారు. పరీక్ష చేస్తూ నేను ఒక ముహూర్తం వేశాను. శనివారం రాత్రి రెండు గంటలకు. సైటు శనివారం తేదీ కింద రెండు గంటలని రాసుకుంది. అంటే దాని లెక్కలో అది శుక్రవారం అర్ధరాత్రి దాటాక వచ్చే రెండు గంటలు.

“ఒక రోజు ముందే మండపం తెరిచి బాజాలు వాయిస్తారు బాబూ,” అన్నాను.

“మేడమ్, అర్ధరాత్రి దాటితే ఆదివారమే కదండీ. వాళ్ళు ఆదివారమనే వేసుకోవాలి.”

“ఏ పెళ్ళికార్డు మీదైనా అలా చూశావా?”

మేం వేసిన కార్డులన్నిటి మీద ‘శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం’ అనే ఉండేది. మనకు సూర్యుడు వచ్చాకే రోజు మారుతుంది. ఆ ముక్కే సైటులో పెట్టించాను. మండపంవాళ్ళు చూసి ఏమీ అనలేదు. అంత సహజంగా ఉంది వాళ్ళకి. మన పనిలో దక్కే పెద్ద మెప్పు అదే.

పెళ్ళికార్డులు కొట్టిన రోజులు వృథా అని చాలాకాలం బాధపడ్డాను. ఏదీ వృథా కాదని దేవుడు ఇలా చూపించాడు. మీకు తెలిసిన వంట, పొలం, పంచాంగం, అమ్మమ్మ మాటలు, వీటిని గుమ్మం బయట వదిలి కంప్యూటరు ముందుకి రావద్దు. కోడు ఎక్కడైనా దొరుకుతుంది. కొత్త భాషలు వస్తుంటాయి, పోతుంటాయి, ఇప్పుడైతే కోడు రాసిపెట్టే యంత్రాలే వచ్చాయి. రత్నమ్మగారి వేలు ఎక్కడ ఆగిందో చూడటానికి మాత్రం ఒక మనిషి ఆవిడ పక్కన కూర్చోవాలి.

శ్రావణికి

ఇదంతా రాసి శ్రావణికి పంపాను. చదివి ఒక దణ్ణం బొమ్మ పంపింది. అంతే. ఈ కాలం పిల్లలు ఇంతకంటే ఏం రాస్తారులే అనుకున్నాను. చదివిందో లేదో కూడా తెలియలేదు. ఆ గడి పేరు మార్చేసిందేమోనని లోపల ఎక్కడో గుబులుగానే ఉండేది. మార్చినా అడిగే హక్కు నాకు లేదు, ఇప్పుడు అది ఆమె ఇల్లు.

మొన్న మళ్ళీ వాయుగుండం పట్టింది. ఇంట్లోనే ఉన్నాను. టీవీలో హెచ్చరికలు చదువుతుంటే చెయ్యి దానంతటదే లాప్‌టాప్ వైపు పోయింది. మా వారు, “నీ పని అయిపోయింది కదుటే,” అన్నారు. నిజమేనని దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను.

కాసేపటికి ఫోను మోగింది. శ్రావణి. వెనక గోడౌను చప్పుళ్ళు, ఎవరో బస్తాలు లెక్కపెడుతున్న అరుపులు వినిపిస్తున్నాయి.

“మేడమ్, కంగారుపడుతుంటారని చేశానండీ. రత్నమ్మగారి దగ్గర బియ్యం నిండుకున్నాయి. వ్యాను బయల్దేరింది.”